మాట్లాడనివారికి కిటికీ సీటు

ఆపరేటరమ్మ ముందు సీటులో కూర్చున్న కారు ఒక పట్టాన కదలదు. ఇంజను నడుస్తూనే ఉంటుంది, తలుపులన్నీ వేసే ఉంటాయి, స్టీరింగు మీద చేతులు వేసుకుని ఆవిడ చిన్న కూతురు ఓపికగా ఎదురుచూస్తూ ఉంటుంది. వెనక సీటులో మనవలిద్దరూ చెవుల్లో ఏవో బిరడాలు పెట్టుకుని, అరచేతుల్లోని వెలుగులోకి తలలు దించుకుని ఉంటారు. ఆవిడ నడుము నొప్పిని లెక్కచేయక పూర్తిగా వెనక్కి తిరిగి, "మాట్లాడండి" అంటుంది.

"ఉన్నాం అమ్మమ్మా. ఎదురుగానే కనపడుతున్నాం కదా," అని పెద్ద మనవడు విసుక్కుంటాడు.

"కనపడితే చాలదురా. వినపడాలి."

రెండవ గొంతు కూడా పలికిన తరువాతనే చిన్న కూతురు గేరు వేస్తుంది. పిల్లలకు ఇది వట్టి చాదస్తంగా తోస్తుంది. కారు నడిపే మనిషికి మాత్రం ఎన్నడూ అలా తోచలేదు. ఎందుకు తోచలేదో తెలియాలంటే ఆవిడ ఉద్యోగంలో ఉన్న కాలానికి వెళ్లాలి.

ఆ రోజుల్లో ఒక ఊరివారు మరొక ఊరివారితో ఫోనులో మాట్లాడాలంటే నడుమ ఒక మనిషి ఉండి తీరవలసిందే. ఆ నడుమ మనిషే ఈవిడ. ఎక్స్ఛేంజిలో ఎత్తైన బోర్డు ముందు కూర్చుని, తలకు హెడ్‌ఫోను బిగించుకుని, తీగను తగిన రంధ్రంలో గుచ్చి, అవతల గొంతు పలికిందని రూఢి చేసుకున్నాక "మాట్లాడండి" అని చెప్పి తాను తప్పుకోవడం ఆవిడ పని. పెళ్లి కబుర్లు, చావు కబుర్లు, సరుకుల ధరలు, అలకలు, బుజ్జగింపులు అన్నీ ఆవిడ వేళ్ల సందుల్లోంచే సాగిపోయేవి. విన్నమాట ఇంటికి మోసుకురాకూడదన్నది ఒక నియమం. మాట్లాడుతున్నవారి లైను మధ్యలో తెంచకూడదన్నది మరొకటి. రెండింటినీ ఆవిడ తు.చ. తప్పకుండా పాటించేది.

ఇందరి గొంతులు విని ఇల్లు చేరేసరికి చెవుల్లో తేనెతుట్టె కదిలినట్టు ఉండేది. ఇంట్లో మళ్లీ మూడు గొంతులు. పెద్దవాడు ప్రతిదానికీ వాదిస్తాడు. రెండవది చాడీలు చెబుతుంది. చిన్నది ఊపిరి తీసుకోవడం కూడా మరచి వాగుతుంది. ఏడవ ఏడు నిండకుండానే దానికి ఇంటిల్లిపాదీ 'రేడియో' అని పేరు ఖాయం చేశారు. నిద్రలో కూడా వార్తలు చదువుతుందని అన్న ఎగతాళి చేసేవాడు.

భర్త గడియారాలు బాగుచేసేవాడు. ఊళ్లో ఆగిపోయిన గడియారాలన్నీ ఆయన బల్ల మీదికి వచ్చి మళ్లీ నడక నేర్చుకునేవి. ఆయన సొంత కారు మాత్రం వెనక నుంచి తోస్తే గాని నడిచేది కాదు. దాని సెల్ఫు ఎప్పుడో ప్రాణం వదిలింది.

"ఆ ఇంజను చేతిగడియారమంత ఉంటే చిటికెలో బాగుచేసేవాణ్ని," అనేవాడాయన.

"అయితే ముందు దాన్ని అంతకు కుదించండి," అనేది ఆవిడ.

ఏటా వేసవి సెలవుల్లో ఆ కారులోనే కొండ దాటి, ఆయన అన్నగారింటికి ప్రయాణం. బయలుదేరే పద్ధతి ఒకటి ఉండేది. ఆయన స్టీరింగు దగ్గర, ఆవిడ పక్కన, ఒడిలో తినుబండారాల బుట్ట. పిల్లలు ముగ్గురూ వెనక చేరి తోసేవారు. ఇంజను దగ్గి అందుకోగానే, బండి ఆగకుండానే, ముగ్గురూ పరుగెత్తి ఎడమ తలుపులోంచి ఒకరి మీద ఒకరు దూకేవారు. చూసేవాళ్ల గుండె గుభేలుమనేది గాని, వాళ్లకది నిచ్చెన ఎక్కినంత అలవాటు. కుడి తలుపు తెరవడానికి వీలులేదు. దాని గడియ ఊడిపోతే ఆయన నవారు తాడుతో కట్టాడు. ఆ వైపు కిటికీకి అద్దం లేదు, అట్టముక్క ఉంది. గాలీ వెలుతురూ రెండూ వచ్చేది ఎడమ కిటికీ ఒక్కటే. అందుచేత దానికోసం జరిగిన యుద్ధాలకు అంతులేదు.

ఆ యుద్ధాలు మానిపించడానికీ, తన చెవులకు కాస్త విశ్రాంతి దొరకడానికీ, ఆవిడ ఒక ఆట కల్పించింది. పేరు 'లైను బిజీ'. ఆవిడ ఆ మాట అన్న క్షణం నుంచి ఎవరూ నోరు మెదపకూడదు. నవ్వు, దగ్గు, ఏడుపు ఏది వినిపించినా ఓడినట్టే. మళ్లీ ఆవిడ తన ఉద్యోగపు గొంతుతో "మాట్లాడండి" అనేదాకా లైను బిజీయే. చివరిదాకా మాట్లాడనివారికి కిటికీ సీటు. తాను వెనక్కి చూస్తే పిల్లలు వెక్కిరించుకుని ఒకరినొకరు నవ్విస్తారని, ఆట నడిచినంతసేపూ ఆవిడ వెనక్కి తిరిగేది కాదు. ఎవరైనా భుజం తడితే అరచేయి ఎత్తి ఆగమనేది. అంతే.

చిన్నది ఆ ఆట ఒక్కనాడూ గెలవలేదు. కారు వీధి మలుపు తిరగకముందే ఓడిపోయి, ఓడిపోయినందుకు కారణాలు ఊరు దాటేదాకా చెప్పేది.

ఆ ఏడు కొండ మొదట్లో, పెట్రోలు బంకు దగ్గర, రేడియేటరులో నీళ్లు పోయడానికి ఆగారు. కొండదారి ఇరుకు. ఎదురెదురుగా రెండు బళ్లు పట్టవు. అందుకని కిందొక గేటు, పైనొక గేటు పెట్టి, కొంతసేపు ఎక్కే బళ్లనూ, కొంతసేపు దిగే బళ్లనూ వదిలేవారు. ఎక్కే బళ్లలో ఆఖరుదానికి కింది గేటువాడు ఒక ఎర్ర కర్ర ఇచ్చేవాడు. ఆ కర్ర పై గేటుకు చేరితే గాని, దిగే బళ్లలో ఒక్కటి కూడా కదలడానికి వీలులేదు.

నీళ్లు పోస్తూ ఉండగానే గేటు దగ్గర ఈల మోగింది.

"మూసేస్తున్నాడు. తోయండి, తోయండి," అని ఆయన కంగారుపెట్టాడు.

"ఈసారి నేనే గెలుస్తా," అన్నది చిన్నది బండికి చేతులు ఆనించి.

"రేడియోకి స్విచ్చెక్కడుంది గెలవడానికి?" అన్నాడు అన్న.

"చూస్తూ ఉండు. నన్ను చంపినా మాట్లాడను."

ఇంజను దగ్గింది. ఆవిడ ముందు నుంచి, "లైను బిజీ," అన్నది. వెనక దబదబా దూకిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు వినిపించాయి. కారు గేటు దాటింది. వాళ్ల వెనక ఒక ఇసుక లారీ మూలుగుతూ వచ్చి, ఎర్ర కర్ర అందుకున్నది.

కొండదారి నిండా మలుపులే. ఒక పక్క రాతిగోడ, ఇంకొక పక్క లోయ. ఆయన కళ్లు దారి మీద నుంచి తిప్పలేదు. ఆవిడ బుట్టను పొదివి పట్టుకుని కళ్లు మూసుకున్నది. ఎన్నాళ్లకో చెవుల్లో తుట్టె సద్దుమణిగింది. ఎంత హాయిగా ఉందో అనుకున్నది. పై గేటుకు కొద్ది దూరం ఉందనగా వెనక నుంచి భుజం మీద ఒక చేయి పడింది. ఆవిడ అలవాటుగా అరచేయి ఎత్తింది. చేయి మళ్లీ తట్టింది, ఈసారి గట్టిగా, జాకెట్టు భుజం పట్టి లాగుతూ. ఆవిడ అరచేయి దించలేదు.

పై గేటు దగ్గర కారు ఆగింది. ఆయన నుదురు తుడుచుకున్నాడు. ఆవిడ నవ్వుతూ, "మాట్లాడండి," అన్నది. "ఇవాళ మన రేడియో గెలిచినట్టే. కొండంతా ఎక్కాం, ఒక్క పలుకు లేదు."

"అమ్మా," అన్నది రెండవది. దాని ముఖమంతా తడిసి ఉంది. "చిన్నది లేదమ్మా."

వెనక సీటులో ఒక మూలకు పెట్టిన పరుపు చుట్ట వెనక దూరి పడుకోవడం చిన్నదానికి అలవాటు. అక్కడే ఉందనుకున్నారు అందరూ. మలుపులో చుట్ట జారి పక్కకు పడ్డప్పుడు రెండవది చూసింది. చుట్ట వెనక ఖాళీ.

"ఎక్కిందా? మీతోపాటు ఎక్కిందా?"

"చూడలేదమ్మా. నేను ముందు దూకాను."

పెద్దవాడు వంగి సీటు కిందికి చూశాడు.

ఆవిడ కారు దిగి కుడివైపుకు వెళ్లింది. తలుపుకు కట్టిన నవారు తాడు వదులై, ఒక కొస వేలాడుతూ ఉంది. తలుపు చేయి దూరేంత సందు ఇచ్చి నిలబడింది. కొండ ఎక్కినంతసేపూ లోయ ఆ వైపే ఉంది.

ఆయన ఆ తాడును చూశాడు. వెంట్రుకంత స్ప్రింగును వణకకుండా పట్టుకునే ఆ చేతులు తాడు కొసను పట్టుకోలేకపోయాయి. "నేను కట్టిందే. గట్టిగానే కట్టాను," అని ఎవరూ అడగకుండానే చెప్పాడు.

గేటు మనిషి వచ్చి సంగతి విని, తల అడ్డంగా ఊపాడు. "కర్ర రాకుండా దించలేనండీ. ఇసుక లారీ ఇంకా దారిలో ఉంది. మలుపులో ఎదురుపడితే ఇద్దరూ లోయలోకే."

"నడిచి వెళ్తాను," అన్నాడాయన.

"వెళ్లండి సార్. మీరు సగం దిగేలోగా చీకటి పడుతుంది. నా మాట విని ఆగండి."

ఆవిడ చూపు గేటు గది గోడకున్న ఫోను మీద పడింది. అడగలేదు, అనుమతి కోసం ఆగలేదు. లోపలికి వెళ్లి, రిసీవరు చెవికి ఆనించి, పిడి తిప్పింది.

"ఎక్స్ఛేంజి," అన్నది అవతల ఒక ఆడగొంతు.

ఆ గొంతు ఆవిడకు ఏళ్లతరబడి తెలుసు. రోజూ బోర్డు మీద పలకరించుకునే గొంతే. ముఖం ఎలా ఉంటుందో మాత్రం ఇంతవరకు చూడలేదు.

"నేనమ్మా," అన్నది ఆవిడ.

"అక్కయ్యా? మీరు గేటు లైనులోకి ఎలా వచ్చారు?"

"కింద బంకు కావాలి. ఇప్పుడే కావాలి. మా చిన్నది కనపడటం లేదు."

"కిందికి ఉన్నది ఒక్క లైనే అక్కయ్యా. కలప వ్యాపారి దాని మీద ఉన్నాడు. పొద్దున బుక్ చేసుకుంటే ఇప్పటికి దొరికింది పాపం."

ఆవిడ కళ్లు మూసుకున్నది. "తీసెయ్యి," అన్నది.

"తీసేశాను. అడిగితే పిడుగు పడిందని చెబుతా."

"ఎండ కాస్తోంది కదే."

"మా కొండ మీద మా ఇష్టం. ఉండండి."

గంట మోగుతున్నది. ఎవరూ ఎత్తడం లేదు. కింద ఎవరో ఒకరు ఫోను ఎత్తి, పిల్ల ఇక్కడే ఉందని ఒక్క మాట అంటే చాలు. లేదని అంటే, తాడు వదులైన ఆ తలుపు ఏ మలుపులో తెరుచుకున్నదో వెతకవలసిందే. ఆవిడ గోడకు ఆనుకున్నది. ఇన్నేళ్లుగా అవతల గంట మోగుతూ ఉంటే తాను ఎంత తాపీగా కూర్చునేదో గుర్తుకు వచ్చింది.

"ఎవరూ?" అన్నది చివరికి ఒక మగగొంతు.

"బంకేనా? ఇందాక నీళ్లు పోసుకున్న కారువాళ్లం. మా పాప అక్కడ ఉండిపోయిందా? ఏడేళ్లది. వసపిట్ట. క్షణం నోరు మూయదు."

"వసపిట్టా? అలాంటి పిల్ల ఎవరూ లేదమ్మా."

"సరిగ్గా చూడండి బాబూ."

"చూడ్డానికేముంది? ఇక్కడున్నది ఒకే పిల్ల. అది మూగది."

ఆవిడ చేతిలో రిసీవరు బరువెక్కింది. గది గుమ్మంలో భర్త నిలబడి ఆవిడ ముఖంలోకే చూస్తున్నాడు. ఆవిడ తల తిప్పుకున్నది.

"పాపం ఎవరి పిల్లో," అవతలి మనిషి తన ధోరణిలో తాను చెప్పుకుపోతున్నాడు. "పేరడిగితే చెప్పదు, ఊరడిగితే చెప్పదు. ఇక్కడ ఆగిన పట్నం బస్సులో ఒక పెద్దావిడ ఉంది. పట్నంలో మూగపిల్లల బడి తనకు తెలుసట. అక్కడ ఒప్పజెబుతానంది. మంచి మనిషిలెండి. ఏడుపైనా పైకి రాదమ్మా ఈ పిల్లకి. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఒకటే కన్నీళ్లు."

ఆవిడ గోడను వదిలి నిటారుగా నిలబడింది.

"చేతులు అడ్డం పెట్టుకుందా?"

"గట్టిగా. తీయబోతే కరిచింది."

"బాబూ, ఆ పిల్లను పిలవండి. ఫోను దాని చెవి దగ్గర పెట్టండి."

"మూగదానికి ఫోనేంటమ్మా?"

"మూగది కాదు. నా కూతురు. ఆడుకుంటోంది."

"ఆటా? అయ్యో, ఎక్కించేశారమ్మా. అదిగో, బస్సు..."

రిసీవరు బల్ల మీద పడేసిన చప్పుడు. ఆ తరువాత ఆవిడకు మిగిలినవి చెవులే. దూరంగా బస్సు హారను మోగింది. మొదటి గేరు. రెండవ గేరు. ఇంజను శబ్దం సన్నబడుతున్నది. ఎవరో చెప్పులు టపటపలాడిస్తూ పరుగెత్తారు. "ఓయ్, ఓయ్," అన్న కేక అంతకంతకూ దూరమైంది. ఆ తరువాత ఏమీ లేదు. ఏ మూలో చెక్క తలుపు గాలికి కొట్టుకుంటున్నది. ఒకప్పుడు ఆవిడ కోరుకున్న నిశ్శబ్దం ఇప్పుడు రిసీవరు నిండా ఉంది.

"అక్కయ్యా, నేనున్నాను," అన్నది కొండ మీద ఆపరేటరు మెల్లగా. "లైను వదలను."

అంతలో అవతల గులకరాళ్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఒక జత బరువైనవి. వాటి పక్కన తేలికైనవి, ఒక అడుగు టప్పుమని, ఒక అడుగు మెత్తగా. ఒక కాలికే చెప్పు ఉందన్నమాట. రిసీవరును ఎవరో ఎత్తారు. దానిలోకి ఒక చిన్న ఊపిరి వచ్చి తగిలింది. ఎగబీలుస్తూ, ఎగబీల్చిన సంగతి తెలియకూడదని ఆపుకుంటూ ఉన్న ఊపిరి.

రోజంతా అనే ఆ ఒక్క మాట ఆవిడ గొంతులోంచి రాలేదు. భర్త దగ్గరికి వచ్చి ఆవిడ వీపు మీద చేయి వేశాడు.

"మాట్లాడండి," అన్నది ఆవిడ. గొంతు తనది కానట్టు పలికింది.

ఆ తరువాత, "అమ్మా," అన్నది చిన్నది, "అన్నయ్య ముందు మాట్లాడాడా, నేను ముందు మాట్లాడానా?"

"అన్నయ్యే," అన్నది ఆవిడ.

"అయితే కిటికీ నాదే."

ఆవిడ నేల మీద కూలబడింది. ఆయన రిసీవరు అందుకుని, చిన్నదాని గొంతు విని, మళ్లీ ఆవిడ చెవికే ఆనించాడు.

చిన్నది చెప్పుకుపోతున్నది. చెప్పు జారిపోయిందట, దానికోసం వెనక్కి తిరిగిందట, ఈలోగా కారు కదిలిందట. వెనకాలే పరుగెత్తిందట. అరిస్తే వినపడేంత దగ్గరే ఉందట. "అరిస్తే ఓడిపోతాను కదమ్మా," అన్నది.

ఇసుక లారీ రొప్పుతూ వచ్చి ఎర్ర కర్ర అప్పగించింది. ఆయన ఒక్కడే కారు తీసుకుని కిందికి దిగాడు. దిగుడు కాబట్టి తోయవలసిన పని లేకపోయింది. ఆవిడ మాత్రం రిసీవరు పెట్టలేదు. కింద చిన్నది బస్సులోని పెద్దావిడ ముక్కు గురించీ, బంకు మనిషి చేతి వాసన గురించీ చెబుతూనే ఉంది.

"కలప వ్యాపారి నా ప్రాణం తోడేస్తున్నాడు అక్కయ్యా," అని ఆపరేటరు మధ్యలో ఒకసారి పలికింది. "తోడనీలెండి. మీరు కానివ్వండి."

ఎట్టకేలకు రిసీవరులో, చిన్నదాని మాటల వెనక, ఆవిడకు బాగా తెలిసిన దగ్గు ఒకటి వినిపించింది. గడియారాల మనిషి కారు దగ్గు. "నాన్న వచ్చాడు, ఉంటా," అని చిన్నది ఫోను పడేసింది. ఆవిడ అప్పుడు రిసీవరును గోడకు తగిలించింది. ఆవిడ చెవి ఎర్రగా కందిపోయి ఉంది.

ఎక్కే బళ్లను మళ్లీ వదిలినప్పుడు, సాయంత్రపు ఎండలో, కారు పై గేటుకు వచ్చి ఆగింది. ఆవిడ చిన్నదాన్ని ఎత్తుకుని, ఎముకలు నొప్పిపుట్టేలా అదిమి పట్టుకున్నది. తిట్టలేదు. రెండవది చెల్లెలి జుట్టు సరిచేయడానికి వచ్చి, ఊరికే జడ పట్టుకుని నిలబడింది. కుడి తలుపు నవారు తాడును ఆయన విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ విప్పి కట్టాడు. ఈలోగా ఇంజను చల్లబడి కూర్చున్నది.

పిల్లలు అలవాటు చొప్పున వెనక్కి నడిచారు.

"మీరు కాదు. ఎక్కండి," అన్నది ఆవిడ.

"మరి ఎవరు తోస్తారు?" అన్నాడు పెద్దవాడు.

ఆవిడ చీరకొంగు నడుముకు దోపి, బుట్ట వాడి చేతికి ఇచ్చి, తానే కారు వెనక్కి వెళ్లి నిలబడింది. గేటు మనిషి నవ్వు ఆపుకుంటూ వచ్చి పక్కన చేయి వేశాడు. పెద్దవాడు ఏమీ వాదించకుండా ఎడమ కిటికీ వదిలి లోపలికి జరిగాడు. తలుపులు మూసుకున్నాయి. ఆయన ముందు నుంచి, "ఇక తొయ్యి," అన్నాడు.

ఆవిడ తోయలేదు. వెనక అద్దం మీద దుమ్ము పట్టి ఉంది. లోపల మూడు తలలు ఉన్నట్టే కనపడుతున్నది. అయినా చేతులు కదలలేదు.

"మాట్లాడండి," అన్నది.

"ఉన్నాను," అన్నాడు పెద్దవాడు.

"ఉన్నానమ్మా," అన్నది రెండవది.

మూడవ గొంతు వినిపించలేదు. ఆవిడ అరచేతుల కింద కారు రేకు ఇంకా వెచ్చగా ఉంది. గేటు మనిషి తోయబోతే చేయి అడ్డం పెట్టింది.

"ఉన్నాను గాని," అన్న గొంతు కిటికీలోంచి బయటికి వచ్చింది, "ఈ అద్దం సగమే దిగుతోంది. పోయినేడు మొత్తం దిగేది. అన్నయ్యే పాడుచేశాడు. నేను చూశాను, అప్పుడు నాకు జ్వరం, అక్కేమో..."

ఆవిడ బలమంతా పెట్టి కారును తోసింది.